రేణిగుంట రోడ్డు పక్కన పాత కార్లకు నమ్మదగిన ఎలక్ట్రికల్ షెడ్డు

తిరుమల ఘాట్ రోడ్డులో వేడెక్కుతూ, పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోతున్న మా మారుతి 800ను తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కనున్న ఒక చిన్న షెడ్డులో చూపించాను. అంతకుముందు వేరొకచోట ఏమీ పరీక్షించకుండానే బ్యాటరీ మార్చమన్నారు. ఇక్కడి మేస్త్రీగారు మాత్రం ముందుగా వోల్టేజీ కొలిచే మల్టీమీటరు పట్టుకున్నారు. ఇంజను ఆపినప్పుడు 12.6, నడుస్తున్నప్పుడు 14.1 వోల్టులు రావడంతో బ్యాటరీ, దాన్ని ఛార్జి చేసే ఆల్టర్నేటరు రెండూ బాగున్నాయని తేల్చి, సెల్ఫ్ కొట్టిస్తూ బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కూ ఇంజనుకూ మధ్య వోల్టేజీ కొలిచారు. సున్నాకు దగ్గరగా ఉండవలసిన ఆ అంకె ఒక వోల్టు దాటింది. ఆ రెండింటినీ కలిపే ఎర్త్ వైరు బోల్టు విప్పితే, వైరు చివరనుండే లోహపు లగ్గు కింద పచ్చటి చిలుము పేరుకుని ఉంది. ఎమరీ పేపరుతో రుద్ది, కొత్త లగ్గు వేసి బిగించగానే సెల్ఫ్ హుషారుగా తిరిగింది.

వేడి సంగతికి వస్తే, రేడియేటరు ఫ్యానుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చినప్పుడు అది తిరగడం, ఫ్యూజూ, ఫ్యానుకు కరెంటు కలిపే రిలే కూడా సరిగ్గా ఉండడం వల్ల, ఇంజను వేడెక్కగానే ఫ్యానును నడిపించే థర్మో స్విచ్చి ఒక్కటే పోయిందని నాకు చూపించి మరీ మార్చారు. పాత కారు యజమానికి కావలసింది ఇలా కారణం వెతికే ఓపికే అని నా గట్టి అభిప్రాయం.

తీసేసిన భాగాలను చేతికిచ్చారు. ఏసీ పని మాత్రం ఇక్కడ చేయరు, కూర్చోవడానికి నీడ కూడా తక్కువే.