బ్రేకు కిట్టు బిగించి ఏడాదిన్నర

కొత్త సామాను బిగించిన వారానికే మెచ్చుకుంటూ రాసే రివ్యూల మీద నాకు నమ్మకం లేదు. డబ్బు పెట్టిన వేడిలో ఏదైనా బాగానే కనిపిస్తుంది. అందుకే ఈ ముందు చక్రాల బ్రేకు కిట్టు గురించి రాయడానికి ఏడాదిన్నర ఆగాను. ఈలోగా ఒక జత ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కే దిమ్మలు) అరిగిపోయాయి, ఆ ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ ఒకటి మొరాయించింది, బురదలో ఎన్నిసార్లు మునిగిందో లెక్కే లేదు. కిట్టు మంచిదే. కానీ నా బండి ఇప్పుడు బాగా ఆగుతోందంటే ఆ గొప్పలో సగమే దీనిది. మిగతా సగం ఆ పెట్టెలో రాని పనులది.

బండి డబుల్ క్యాబ్ ఫోర్ బై ఫోర్ ట్రక్కు. మూడంగుళాలు ఎత్తు లేపాను, 35 అంగుళాల టైర్లు వేశాను. ముందు ఇనుప బంపరు, దాని మీద వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం). వెనక నీళ్ల ట్యాంకు, పనిముట్ల పెట్టె. సామానంతా ఎక్కించి తూకం వేయిస్తే మూడు టన్నులు. కంపెనీ బ్రేకులు మాత్రం 31 అంగుళాల టైర్లతో తేలిగ్గా తిరిగే బండిని చూసి చేసినవి. ఈ తేడా నాకు తెలియక కాదు, పట్టించుకోలేదు. ఇన్నాళ్లూ ఆగింది కదా, ఇకముందూ ఆగుతుందిలే అనుకున్నాను.

ఒక పొడవాటి రాళ్ల దిగుడులో ఆ ధీమా వదిలింది. ఆ రోజు లో రేంజి (ఇంజనే బండిని నెమ్మదిగా పట్టి ఉంచే గేర్ల వరస) వేయడానికి బద్ధకించాను, తప్పు నాదే. హై రేంజిలో రెండో గేరు, కాలు పెడల్ మీదే. ముందు వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు కాలిన వాసనలాంటిదే, ఇంకాస్త ఘాటు. తర్వాత పెడల్ మెత్తబడింది. ఆ పై మలుపులో తొక్కితే, కాలి కింద ఏమీ లేనట్టు నేల దాకా దిగిపోయింది. టకటకా నాలుగైదు సార్లు పంపు కొట్టి, గేరు దించి, హ్యాండ్ బ్రేకు లాగి, గట్టుకు ఒరిపించి ఆపాను. కిందికి దిగి నిలబడితే మోకాళ్లు ఆడుతున్నాయి. పక్క సీట్లో ఉన్న తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడొక తేడా గుర్తుపెట్టుకోండి. పెడల్ రాయిలా గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేసినట్టు. పెడల్ మెత్తబడి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగినట్టు. నాది రెండోది. బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 (ఆయిల్ గ్రేడు పేరు) ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరిందంటే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నలగదు గానీ ఆవిరి నలుగుతుంది, అందుకే మన కాలి బలమంతా బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. నా బండిలో ఆయిల్ ఎప్పుడు మార్చానో నాకే గుర్తులేదు.

వేడి ఎంతంటే, ఒక చిన్న లెక్క. మూడు టన్నుల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే దాదాపు 4 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే దాదాపు 88 లక్షలు. అంటే 60 నుంచి ఇరవై సార్లకు పైగా వరసగా ఆపినట్టు. ఇంజను పట్టుకోకపోతే ఈ వేడిలో చాలా భాగం నాలుగు చక్రాల ఇనుమే మింగాలి.

ఇక కిట్టు. 338 మిల్లీమీటర్ల గాడి డిస్కులు రెండు (పాతవి 297), ఎదురెదురు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు రెండు, ప్యాడ్లు, క్యాలిపర్‌ని పట్టుకునే బ్రాకెట్లు, స్టీలు అల్లిక హోస్ పైపులు. పేరు రాయడం లేదు, ఎందుకంటే దీంట్లో తిట్టాల్సినవీ కొన్ని ఉన్నాయి.

మెచ్చుకోవాల్సినవి ముందు చెప్తాను. డిస్కులకు గాడులున్నాయి గానీ చిల్లులు లేవు. బురదలో తిరిగే బండికి ఇదే సరైనది. చిల్లుల్లో మట్టి ఇరుక్కుని ఎండిపోతుంది, పైగా బాగా వేడెక్కి చల్లారే డిస్కు చిల్లుల అంచు నుంచే పగుళ్లిస్తుంది. క్యాలిపర్ పిస్టన్లకు దుమ్ము రబ్బర్లు ఉన్నాయి. పందేల కోసం చేసే చాలా క్యాలిపర్లకు ఇవి ఉండవు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా అలాంటివి మట్టి బండికి వద్దు. బ్రాకెట్ల పనితనం బాగుంది, ఎక్కడా ఆకురాయి పట్టించాల్సిన పని పడలేదు.

హోస్ పైపుల దగ్గర మాత్రం కోపం వచ్చింది. లేపిన బండికి పనికొస్తాయని పెట్టె మీదే రాశారు. బిగించి, చక్రం గాల్లో పూర్తిగా వేలాడేలా జాకీ ఎత్తి, స్టీరింగ్ ఆ చివరి దాకా తిప్పి చూస్తే పైపు వీణ తీగలా బిగిసింది. ఇంకో అంగుళం చక్రం దిగితే కీలు దగ్గర ఊడిపోయేది. అమ్మినవాళ్లకు ఫొటో పంపితే, రెండంగుళాల దాకానే అని అప్పుడు చెప్పారు. పొడుగు పైపులు వేరేగా చేయించుకున్నాను. ఎవరి కిట్టైనా సరే, నేల మీద నిలబడిన బండికి పైపు సరిపోయిందా అని కాదు చూడాల్సింది. చక్రం వేలాడినప్పుడు, స్టీరింగ్ అటు చివరా ఇటు చివరా తిప్పినప్పుడు చూడాలి. ఇంకొకటి, పైపును క్యాలిపర్‌కి బిగించే బాంజో బోల్టు దగ్గర పైనా కిందా రెండు రాగి వాషర్లు పడాలి, విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. కిట్టులో సరిగ్గా నాలుగే ఇచ్చారు. ఒక్కసారి కూడా విప్పకుండా బిగించే మొనగాడెవరో మరి.

రిమ్ముకీ క్యాలిపర్‌కీ మధ్య సందు చూడ్డానికి క్యాలిపర్ వీపు మీద బంకమన్ను ముద్ద అతికించి చక్రం బిగించి తిప్పాను. ముద్ద మూడు మిల్లీమీటర్ల మందాన మిగిలింది. రోడ్డు బండికి చాలేమో. మాలాంటివాళ్లకు ఆ సందులోనే గులకరాయి దూరుతుంది. రెండో నెలలో దూరింది కూడా. రిమ్ము లోపల చుట్టూ ఉలితో గీసినట్టు ఒక గీత ఇప్పటికీ ఉంది.

బ్రేకు పైపుల్లోంచి గాలి తీసే పనికి తమ్ముణ్ణి పెడల్ దగ్గర కూర్చోబెట్టాను. "తొక్కు... పట్టుకో... వదలకు." నేను చక్రం దగ్గర ఆయిల్ బయటికొచ్చే నిపిల్ పావు చుట్టు విప్పుతాను, సీసాలోకి బుడబుడమంటూ ఆయిల్ వస్తుంది, మళ్లీ బిగిస్తాను. "ఇప్పుడు వదులు." వెనక చక్రాల నుంచి వచ్చింది బ్రేక్ ఆయిలంటే ఎవరూ నమ్మరు. చిక్కటి కాఫీ డికాక్షను. సీసా అడుగున నల్లటి పిప్పి. తమ్ముడు తలుపులోంచి వంగి చూసి, "అన్నయ్యా, ఆ రోజు మనల్ని ఆపింది ఇదా?" అన్నాడు. "ఆపనిదీ ఇదేరా" అన్నాను. సీసాలో వచ్చేది తేనె రంగుకు మారేదాకా తీశాం. మధ్యలో పైన ఆయిల్ డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. ఒక్కసారి ఖాళీ అయి గాలి లాగిందంటే మొదటి నుంచీ మళ్లీ మొదలే, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే స్కానర్ పెట్టాల్సి రావచ్చు.

ప్యాడ్లకు పట్టు కుదరాలంటే అరగదీసే పద్ధతి ఒకటుంది. 60 నుంచి 10 దాకా గట్టిగా తొక్కడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవడం, ఇలా ఓ పది సార్లు. తర్వాత కాలు పెట్టకుండా నడిపి చల్లార్చాలి. వేడి మీదుండగా పెడల్ తొక్కి పట్టి నిలబెడితే ప్యాడు పదార్థం ఒక్కచోటే డిస్కుకు అంటుకుంటుంది. తర్వాత పెడల్ కొట్టుకుంటుంటే డిస్కు వంగిందంటూ దాన్ని చెక్కించడానికి లేత్‌కి పరిగెత్తుతారు. చాలాసార్లు వంగింది కాదది, అంటుకున్నదే.

ఇప్పుడు అసలు సంగతి. తొలిసారి తొక్కగానే ముఖం అద్దానికి కొట్టుకునేంత తేడా వస్తుందనుకుంటే నిరాశే. 31 నుంచి 35 అంగుళాల టైరుకు వెళితే, అంతే బలంగా ఆపడానికి చక్రం దగ్గర దాదాపు 13 శాతం ఎక్కువ టార్క్ (తిప్పే బలం) కావాలి. డిస్కు వ్యాసం పెరిగింది దాదాపు 14 శాతం. టైర్లు ఎత్తుకుపోయింది డిస్కులు తిరిగి తెచ్చాయి, అంతే. లాభం ఉన్నది రెండోసారి, అయిదోసారి, పదోసారి తొక్కినప్పుడు. పెద్ద ఇనుము ఎక్కువ వేడి మింగుతుంది. పదోసారి కూడా పెడల్ మొదటిసారి ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పిస్టన్లు పెద్దవైనందువల్ల పెడల్ మునుపటి కంటే వేలెడు లోతుకు వెళుతుంది, అలవాటైపోయింది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పెద్దది వేస్తే ఆ లోతు తగ్గుతుంది గానీ కాలికి బరువు పెరుగుతుంది. నేను మార్చలేదు.

పెట్టెలో రాని పనుల్లో మొదటిది వెనక డ్రమ్ములు (వెనక చక్రాలకు డిస్కుల బదులు ఉండే గిన్నెల్లాంటివి, లోపల లైనర్లు ఒరుసుకుని ఆపుతాయి). విప్పితే పిడికెడు ఎండిన బురద రాలింది. దుమ్మును గాలి పైపుతో ఊదకండి, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిపి కడగండి. లైనర్లు అరిగేకొద్దీ దూరం సరిచేయాల్సిన నక్షత్రం చక్రం మట్టితో బిగుసుకుపోయి ఎన్నాళ్లయిందో! శుభ్రం చేసి, గ్రీజు రాసి, డ్రమ్ము తిరిగేటప్పుడు సన్నగా రాసుకునే దాకా చేత్తో తిప్పాను. పెడల్ అంగుళం పైకొచ్చింది. ఖర్చు ఒక మధ్యాహ్నం.

రెండోది లోడు వాల్వు, అంటే బండి మీది బరువును బట్టి వెనక బ్రేకుల ఒత్తిడి మార్చేది. వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. బరువుకు బండి వెనక దిగితే, బరువుందని గ్రహించి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. నేను మూడంగుళాలు లేపేసరికి ఎంత బరువేసినా బండి ఖాళీగా ఉందనే దాని లెక్క. అంటే రెండేళ్లు వెనక బ్రేకులు అరకొరగానే పట్టాయి, వాటి కూలీ కూడా ముందు చక్రాలే చేశాయి. ఎత్తుకు తగ్గ బ్రాకెట్ వేసి కడ్డీ స్థానం సరిచేశాక బండి ముక్కు గుచ్చుకోవడం తగ్గింది. బండి లేపినవాళ్లలో దీన్ని ముట్టుకోనివాళ్లే నాకు ఎక్కువ కనిపించారు.

ఏడాదిన్నరలో కిట్టు పెట్టిన పేచీ ఒక్కటే. దిగుడు దిగిన ప్రతిసారీ వేడి కొలిచే గన్ను డిస్కులకు గురిపెట్టి చూడటం నాకు అలవాటైంది. మెరిసే లోహం మీద దాని అంకె సరిగా రాదు, కాబట్టి అంకెను నమ్మను, కుడి ఎడమల తేడానే చూస్తాను. ఒకరోజు కుడివైపు 40 డిగ్రీలు ఎక్కువ చూపించింది. ప్యాడ్లు తీస్తే లోపలిది బయటిదాని కంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ అరిగింది. కింది పిస్టన్ రబ్బరు మడతలో మట్టి చేరి గట్టిపడి, పిస్టన్ సరిగా వెనక్కి రావడం లేదు. సబ్బు నీళ్లతో కడిగి, పిస్టన్ కొద్దిగా బయటికి తెచ్చి కొత్త బ్రేక్ ఆయిల్ తడి రాసి, ముందుకూ వెనక్కూ పదిసార్లు ఆడించాక దారికొచ్చింది. పెట్రోలు, మామూలు గ్రీజు ఆ రబ్బరుకు తగలనివ్వకండి, ఉబ్బిపోతుంది.

అప్పటి నుంచి బురదలోంచి వచ్చిన సాయంత్రమే చక్రాల లోపల నీళ్లు కొట్టి, ఆరేదాకా నెమ్మదిగా నడుపుతూ పెడల్ కాస్త తొక్కి పడతాను. కీచుమని లోహం గీసుకునే మోత వస్తే ముందు డిస్కు వెనక రేకు చూస్తాను, చాలాసార్లు అక్కడ ఒక రాయి ఉంటుంది. ఆయిల్ ఏడాదికోసారి, డాట్ 4. పొద్దున్నే మొదటి రెండు తొక్కుళ్లకు ప్యాడ్లు కూస్తాయి. సెమీ మెటాలిక్ కదా, లోహం కలిసినవి, కూయనీ.

మీ బండి బరువు పెరగకపోతే, టైర్లు పాత సైజే అయితే ఈ కిట్టు జోలికి పోకండి. కొత్త ఆయిల్, మంచి ప్యాడ్లు, శుభ్రమైన డ్రమ్ములు చాలు. నాలా బండిని ఏనుగును చేసినవాళ్లు తీసుకోవచ్చు. హోస్ పైపులకు, రాగి వాషర్లకు వేరే లెక్క వేసుకోండి. అయిదుకు నాలుగు ఇస్తాను, ఆ ఒకటి పైపుల పాపం.

ఆ రాళ్ల దిగుడు మొన్న మళ్లీ దిగాం. లో రేంజి, మొదటి గేరు. కింద దాకా పెడల్ మీద కాలు పెట్టింది ఆరేడు సార్లే. గన్ను తీసి కొలుస్తుంటే తమ్ముడు పక్కకొచ్చి డిస్కు మీద ఉమ్మబోయాడు, చుయ్యిమంటుందేమో చూద్దామని. వేడి డిస్కు మీద తడి తగలనివ్వొద్దని వీడికి ఎన్నిసార్లు చెప్పాలో.