డేటు స్టాంపు కొనేవారు నాలుగంకెల సంవత్సరం ఉన్నదే అడగండి

గుంటూరు అరండల్‌పేటలోని ఒక రబ్బరు స్టాంపుల దుకాణంలో ఈమధ్య రెండు డేటు స్టాంపులు కొన్నాను. మిర్చి కమీషన్ కొట్టులో లెక్కలు రాసే నాకు రోజూ కట్టల కొద్దీ రసీదుల మీద తేదీ వేయక తప్పదు. రెండింటిలోనూ సిరా లోపలే ఉంటుంది. రోజు, నెల, సంవత్సరం పళ్లచక్రాలతో తిరుగుతాయి. చవకదానిలో సంవత్సరానికి చివరి రెండంకెలే పడతాయి, రెండోదానిలో నాలుగూ పడతాయి.

మా కొట్టులోని పాత ముద్రలో ‘19’ని రబ్బరులోనే చెక్కించి, మిగిలిన రెండంకెలకే చక్రాలు పెట్టించారు. 2000 జనవరి 1న అది మూలన పడింది. బిల్లు పుస్తకాలలో అచ్చయిన 19ని కూడా పెన్నుతో కొట్టివేసుకుంటూ కూర్చున్నాము. ఇరవై ఒకటో శతాబ్దం 2001లోనే మొదలవుతుందని పెద్దలు వాదించారు గానీ, ముద్రకు ఆ వాదనతో పనిలేదు.

తర్వాత రెండంకెల ముద్ర తెచ్చాక అసలు చిక్కు మొదలైంది. ‘01-02-03’ అని పడితే మనకది 2003 ఫిబ్రవరి 1; అమెరికా పద్ధతిలో జనవరి 2; సంవత్సరం ముందు రాసేవారికి 2001 ఫిబ్రవరి 3. వెనుకటి 98, 99 అంకెలు 31 దాటినవి కాబట్టి ఏది సంవత్సరమో చూడగానే తెలిసేది. ఆ సౌకర్యం 2032లో గానీ తిరిగి రాదు. 2020లోనైతే ‘05-03-20’ పక్కన ఎవరైనా 19 చేర్చితే రసీదు ఏడాది వెనక్కు పోయేది. పాత దస్తావేజులో ‘ప్రభవ’ అని మాత్రమే ఉంటే అది 1927 నాటిదో 1987 నాటిదో శకం అంకె చూస్తేగానీ తేలదు కదా, ఇదీ అటువంటిదే. బ్యాంకు చెక్కుల మీద తేదీకి ఎనిమిది గడులు ఉంటాయి. తేదీలు రాసే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 8601 నుంచి కూడా 2004 సవరణలో రెండంకెల సంవత్సరాన్ని తొలగించారు.

నాలుగంకెల స్టాంపులో లోపాలు లేకపోలేదు. ముద్ర వెడల్పు కావడం వల్ల మా రసీదులోని తేదీ గడి దాటి గీత మీద పడుతోంది, పలుచని కాగితం మీద సిరా వెనుకకు దిగుతోంది. దుకాణదారు మర్యాదస్థుడే గానీ, ముందు రెండంకెలదే చేతిలో పెడతారు. అడిగితేనే రెండోది పైఅర నుంచి తీస్తారు. సంవత్సరాల పట్టీలో ఎన్నేళ్లున్నాయో అక్కడే తిప్పి చూసుకోవాలి, ఎందుకంటే పట్టీ అయిపోతే విడిగా అమ్మరట.