గర్భిణులకు షుగరు పరీక్ష, చికిత్స: మా పట్టణంలోని ప్రసూతి ఆసుపత్రిలో నా అనుభవం

మా పట్టణంలోని ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో ఇరవై ఆరో వారం నుంచి కానుపు వరకు షుగరుకు చికిత్స తీసుకున్నాను. తొలి నెలల్లో చేసిన పరీక్షలో షుగరు లేదని తేలినా, నెలలు పెరిగేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి కాబట్టి, 24–28 వారాల మధ్య మళ్లీ చేయవలసిందేనని డాక్టరుగారు పట్టుబట్టారు. పరగడుపున రానక్కరలేదన్నారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం తీశారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భిణీ షుగరు కిందే లెక్క; నాకు 156 వచ్చింది.

నేను ముందుగా మెచ్చుకోవలసింది అక్కడి డైటీషియన్‌ను. మొదట చేతికిచ్చిన అచ్చు కాగితంలో ఓట్సు, గోధుమ బ్రెడ్డు ఉన్నాయి. మూడు పూటలా బియ్యంతోనే గడిచే మా ఇంట్లో అది రెండు రోజులు కూడా సాగలేదు. ఆ మాట చెప్పగానే ఆమె కాగితం పక్కన పెట్టి, మా ఇంటి గరిటె ఎంత ఉంటుంది, అన్నం ఎన్ని గరిటెలు పెట్టుకుంటాను, పప్పు పలుచనా చిక్కనా అని ఓపికగా అడిగారు. అన్నం మానవద్దని, ముందు కూర, పప్పు కొలత పెంచి ఆ మేరకు అన్నం తగ్గించమని చెప్పారు. ఉదయం నాలుగు ఇడ్లీలకు బదులు రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు తినడం మొదలుపెట్టాక, టిఫిను తిన్న రెండు గంటలకు 150 దాటుతున్న షుగరు వారం తిరిగేసరికి 120 లోపలికి వచ్చింది.

పరగడుపు షుగరు మాత్రం 95కు దిగకపోవడంతో రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టారు. సూది మందు కడుపులో బిడ్డకు చేటు చేస్తుందని మా అత్తగారు కంటతడి పెడితే, ఇన్సులిన్ మాయను దాటి బిడ్డను చేరదని డాక్టరుగారు ఆమెను కూర్చోబెట్టి వివరించారు. ఆ పది నిమిషాల విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు. బిడ్డ పుట్టగానే పాలు పట్టించి, మడమ నుంచి రక్తపు చుక్క తీసి షుగరు పడిపోలేదని చూసుకున్నారు.

ల్యాబు మీద నాకు ఫిర్యాదు ఉంది. గ్లూకోజు తాగిన పది నిమిషాలకే వాంతి చేసుకున్న ఒక గర్భిణికి అదే రోజు రక్తం తీశారు. అరగంట లోపు వాంతి అయితే మర్నాడు మళ్లీ చేయాలన్నది ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉన్న నియమం.

అంతకంటే పెద్ద లోపం డిశ్చార్జి కాగితంలో ఉంది. కానుపైన ఆరు వారాలకు తల్లికి మళ్లీ 75 గ్రాముల గ్లూకోజుతో పరీక్ష చేయాలి. ఈ షుగరు వచ్చినవారికి మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటికి బాలింతలు పుట్టింట్లో ఉంటారు, ఆసుపత్రి ఆ ఊళ్లో ఉండదు. మా అమ్మగారి ఊళ్లో ఆశా కార్యకర్త అడగబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయించుకున్నాను. ఇక్కడ చేరేవారు ఇంటికి బయలుదేరే ముందే ఆ పరీక్ష తేదీని కాగితం మీద రాయించుకోండి.