హనుమకొండ నుంచి భూపాలపల్లికి రోజూ ఇంటర్‌సెప్టర్ 650: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 కొన్నవాళ్లలో చాలామంది ఆదివారం పూట రామప్పకో లక్నవరానికో వెళ్లొచ్చి, మిగతా రోజులు బండికి కవరు కప్పి ఉంచుతారు. నాకు ఇల్లు హనుమకొండలో, ఉద్యోగం భూపాలపల్లిలో కావడం వల్ల పోను రాను దాదాపు 140 కిలోమీటర్లు కొన్నేళ్లుగా దాని మీదే తిరుగుతున్నాను. 2016లో భూపాలపల్లి జిల్లా కేంద్రమైన తర్వాత ఇలా రోజూ వెళ్లివచ్చే ఉద్యోగులు బాగా పెరిగారు. ఇంత దూరానికి ఇంత పెద్ద బండి ఎందుకు, అమ్మేసి మైలేజీ బండి తీసుకోవచ్చు కదా అని వాళ్లు తరచూ అడుగుతుంటారు. నేనూ ఆ సంగతి చాలాసార్లు లెక్క వేసుకున్నాను.

ముందు ఖర్చు చెప్పాలి, ఎందుకంటే అమ్మాలన్న ఆలోచన ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. 70, 80 మధ్య వేగంతో నిలకడగా నడిపితే ఈ బండి లీటరుకు 25 నుంచి 27 కిలోమీటర్లు ఇస్తుంది. నెలకు 24 పనిదినాలనుకుంటే 3,360 కిలోమీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన పెట్రోలుకే 14 వేల దాకా అవుతుంది. 125 సీసీ బండికైతే ఆరు వేల చిల్లర సరిపోతుంది. చైన్‌కు 500 కిలోమీటర్లకు ఒకసారి ల్యూబ్ కొట్టాలి కాబట్టి, వారానికి ఒకటి రెండు సార్లు బండిని సెంటర్ స్టాండ్ ఎక్కించి, వెనక చక్రం తిప్పుతూ కూర్చోవాల్సిందే. ఏడాది తిరగకముందే వెనక టైరు అరిగిపోతుంది. స్పోక్ చక్రాలకు ట్యూబు టైర్లే ఉంటాయి కనుక దారిలో మేకు దిగితే, 202 కిలోల బండిని పంక్చర్ షాపు దాకా తోయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. డబ్బొక్కటే చూసేవారికి ఇంతకు మించి ఆలోచించాల్సిన అవసరం లేదు.

అయినా నేను దీన్ని ఎందుకు వదులుకోలేదో గూడెప్పాడ్ దగ్గర ములుగు రోడ్డు విడిచి పరకాల వైపు తిరిగినప్పుడు తెలుస్తుంది. అక్కడి నుంచి చాలావరకు రెండు వరుసల రోడ్డే. మహదేవపూర్ వైపు నుంచి గోదావరి ఇసుక తెచ్చే లారీలు, భూపాలపల్లి గనుల బొగ్గు లారీలు, ఆర్టీసీ బస్సులు, పత్తి కాలంలో ఎనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లు అన్నీ ఆ దారినే పోతాయి. పచ్చి ఇసుక లారీ వెనక కొంతసేపు నడిస్తే ఆ ఇబ్బంది ఏమిటో అర్థమవుతుంది: తొట్టి అంచు నుంచి నీళ్లు ధారగా కారుతూ రోడ్డు మీద తడి చార పడుతుంది, గాలికి లేచిన ఇసుక రేణువులు హెల్మెట్ అద్దం మీద చిటపటలాడతాయి, మలుపుల దగ్గర అదే ఇసుక మేట వేసి ఉంటుంది. అటువంటి లారీని త్వరగా దాటిపోవడం కంటే సురక్షితమైన పని మరొకటి లేదు.

సరిగ్గా అక్కడే ఈ 648 సీసీ జంట సిలిండర్ల ఇంజన్ తన విలువ చూపిస్తుంది. కాగితం మీద 47 హార్స్‌పవర్, 52 న్యూటన్ మీటర్ల టార్క్ అని ఉంటుంది గానీ, రోడ్డు మీద దానికి అర్థం ఏమిటంటే, ఎదురుగా ఖాళీ కనిపించిన క్షణంలో గేరు మార్చకుండానే ఆక్సిలరేటర్ కొద్దిగా తిప్పితే లారీ వెనకబడిపోతుంది. చిన్న బండి మీద నేను ఇదే దారిలో వెళ్లాను. రెండు గేర్లు తగ్గించి, ఇంజన్ అరుస్తుండగా, ఎదురు వరుసలో అంతకు రెట్టింపు సేపు ఉండాల్సి వచ్చింది. ఎదురుగా వచ్చే డ్రైవర్ దయ మీద ఆధారపడిన ఆ కొన్ని క్షణాలకు నెలకు ఏడున్నర వేలు ఎక్కువ కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఇక ఆనందం సంగతి. ఉదయం ఏడు గంటలకు పరకాల దాటి రేగొండ వైపు సాగుతుంటే, రోడ్డు ఖాళీగా ఉన్న చోట మూడో గేరులో ఇంజన్‌ను కాస్త పైదాకా లాగి నాలుగులో వేసినప్పుడు వచ్చే ఆ ఊపు, 270 డిగ్రీల క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) వల్ల పుట్టే ఆ బరువైన శబ్దం ఇన్నేళ్లయినా నాకు పాతబడలేదు. అదురు తక్కువ కాబట్టి ఆఫీసులో కూర్చున్నాక చేతులు తిమ్మిరెక్కవు. ఇది నేను మొదట ఊహించని లాభం.

అయితే తిరుగు ప్రయాణం వేరు. వానాకాలం పంట కోతలు జరిగే నవంబరు, డిసెంబరు నెలల్లోనూ, యాసంగి కోతలు జరిగే ఏప్రిల్, మే నెలల్లోనూ సాయంత్రాలు ఈ దారిలో రోడ్డుకు ఒక వైపంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్లు పేర్చి, పొద్దుగూకే వేళకు నల్లటి టార్పాలిన్లు కప్పుతారు. కల్లాలు సరిపోని రైతును తప్పుపట్టలేము, కానీ ఎదురుగా లారీ లైట్లు కళ్లలో పడినప్పుడు ఆ నల్లటి కుప్పకూ తారు రోడ్డుకూ తేడా తెలియదు. చెదిరిన గింజల మీద బ్రేకు వేస్తే ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకోనివ్వదు గానీ బండి త్వరగా ఆగదు, గింజలు టైరు కింద దొర్లుతూనే ఉంటాయి. అప్పుడు ఇంజన్ సత్తా ఏ మాత్రం పనికిరాదు, బరువు మాత్రం భారంగా మారుతుంది. వానకూ, మే నెల ఎండలో కాళ్లకు తగిలే ఇంజన్ వేడికీ అలవాటు పడవచ్చు. దీనికి మాత్రం పడకూడదు.

కాబట్టి నా నిర్ణయం ఇది: బండిని అమ్మను, కానీ రోజూ నడపను. కోతల నెలల్లో, ముసురు పట్టిన రోజుల్లో, చీకటి పడ్డాక బయలుదేరే పని ఉన్నప్పుడు ఆర్టీసీ బస్సులో వెళ్తాను. హనుమకొండ బస్టాండులో ఉదయం పూట రద్దీ ఎంత ఉన్నా, నిలబడైనా క్షేమంగా చేరతాము. అలా చేయడం మొదలుపెట్టాక పెట్రోలు ఖర్చు దాదాపు సగానికి తగ్గింది, చైన్, టైరు పనులు కూడా ఆ మేరకు దూరం జరిగాయి.

నాలాగే భూపాలపల్లికో, ఇటువంటి రెండు వరుసల దారిలోనో వెళ్తూ, వెలుగు ఉండగానే ఇల్లు చేరగలిగేవారు ఈ బండిని నిస్సంకోచంగా ఉంచుకోవచ్చు. ఏడాదంతా చీకటి పడ్డాకే తిరుగు ప్రయాణం చేసేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. జనగామ వైపు నాలుగు వరుసల రహదారి మీద వెళ్లేవారికైతే లారీని దాటడం పెద్ద సమస్యే కాదు, అందుకే ఒక్క సరదా కోసం తప్ప వారికి ఇంత ఖర్చు అవసరం లేదు. 125 సీసీ బండి చాలు.