కిట్ పేరుతో రెండు విడి ర్యామ్‌లు అంటగట్టారు: పీసీ బిల్డ్ చేసుకునేవాళ్లు జాగ్రత్త

సికింద్రాబాద్ సీటీసీలోనో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల బిల్డింగ్), ఆ పక్కన పార్క్‌లేన్‌లోనో గేమింగ్ పీసీ సామాన్లు కొనబోతున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. షాపు పేరు చెప్పను. చెబితే ఆ ఒక్కదాన్ని వదిలేసి పక్క షాపులో ధీమాగా డబ్బు కట్టేసి వస్తారు. అందరూ ఒకటేనని కూడా అనను. నా మదర్‌బోర్డు అదే బిల్డింగ్‌లో పై అంతస్తులో కొన్నాను, ఏ ఇబ్బందీ లేదు.

ఏప్రిల్ మొదట్లో కొన్న సామాను ఇది: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె), 16 జీబీవి రెండు డీడీఆర్4 ర్యామ్ స్టిక్స్ (స్పీడు 3200), కిట్ అని, అంటే ఒకే రకానివి జతగా ఒకే డబ్బాలో. గ్రాఫిక్స్ కార్డ్ మాత్రం నా పాతదే. ర్యామ్ డబ్బా సీలు అప్పటికే తీసి ఉంది. "మేమే ఓపెన్ చేసి చెక్ చేశాం సార్, మీకే మంచిది" అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. ఒక స్టిక్ స్టిక్కర్ మీద నీలం పెన్నుతో చిన్న టిక్కు ఉంది. చెక్ చేసిన గుర్తేమో అనుకున్నాను. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందన్నాడు. ఆశపడ్డాను. చేతికి వచ్చింది ఎస్టిమేట్ అని రాసిన తెల్ల చీటీ, అందులో ఒక్క సీరియల్ నంబర్ కూడా లేదు. ఈ ముక్క వరకు తప్పు నాదే.

మూడో రోజు నుంచి మొదలైంది. గేమ్ మధ్యలో ఉన్నట్టుండి డెస్క్‌టాప్‌కి వచ్చేసేది. ఒకరోజు బ్లూ స్క్రీన్, మర్నాడు దానంతటదే రీస్టార్ట్, ఆ తర్వాత రెండు రోజులు ఏమీ లేదు. బాగైపోయిందని సంబరపడేలోపు మళ్లీ. బ్లూ స్క్రీన్ మీద పేరు కూడా ప్రతిసారీ వేరే. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు పేరు. ఇలా పేర్లు మారుతుంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలని నాకు అప్పుడు తెలియదు.

విండోస్ ఎర్రర్లన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, నిండా కెర్నల్ పవర్ 41 అనే ఎర్రర్. అది చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చేసుకున్నాను. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడమే దాని పని. ఎందుకు ఆగిందో దానికీ తెలియదు. ఆఫీసులో ఫ్రెండ్ దగ్గర 750 వాట్లది అడిగి తెచ్చి పెట్టాను, అదే తంతు. విండోస్ రెండుసార్లు వేశాను. గ్రాఫిక్స్ డ్రైవర్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించాను. షాపుకి ఫోన్ చేస్తే "ఎండలు సార్, వేడెక్కుతుంది" అన్నారు. సీపీయూ 70 డిగ్రీలు దాటడం లేదన్నాను. "అయితే మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు" అన్నారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి 400 ఇచ్చాను, ఎర్తింగ్ నిక్షేపంగా ఉంది. చివరికి "ఇప్పుడు ఇంటెల్‌వి కూడా ఇలాగే అవుతున్నాయి, న్యూస్ చూడలేదా" అన్నారు. నాది ఏఎండీ! ఇంటెల్ గొడవ నిజమే, అది 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు అవసరానికి మించి వోల్టేజ్ వెళ్లడం వల్ల. ఆ కంపెనీ 2024 ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చి, వారంటీని మరో 2 ఏళ్లు పొడిగించింది. దాన్ని నా నెత్తిన రుద్దితే ఎలా?

అసలు ఆచూకీ దొరికింది గేమ్‌లో కాదు, ఒక జిప్ ఫైలులో. 40 జీబీ ఫైలు ఎక్స్‌ట్రాక్ట్ చేస్తుంటే సీఆర్‌సీ ఎర్రర్, అంటే డేటా సరిపోలడం లేదని. డౌన్‌లోడ్ పాడైందనుకుని మళ్లీ దించాను, మళ్లీ ఎర్రర్. విసుగొచ్చి అదే ఫైలును వరుసగా మూడుసార్లు తెరిచాను. మూడుసార్లూ వేర్వేరు చోట్ల ఆగింది. ఫైలే పాడైతే ప్రతిసారీ ఒకే చోట ఆగాలి కదా. అంటే ఫైలు బాగానే ఉంది, దాన్ని మోస్తున్న చెయ్యి వణుకుతోంది. మీకు గేమ్ ఫైల్స్ వెరిఫై చేసిన ప్రతిసారీ కొత్త ఫైళ్లు పాడైనట్టు చూపిస్తుంటే అది కూడా ఇదే జాతి లక్షణం.

ఆ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేశాను. మొదటి పాస్ పూర్తవకముందే ఎర్ర గీతలు. ఇందులో "రెండు మూడు ఎర్రర్లే కదా" అనడానికి లేదు, ఒక్కటి వచ్చినా వచ్చినట్టే. తర్వాత ఒక్కో స్టిక్‌నూ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి చూశాను. స్లాట్ మారిస్తే తప్పు స్టిక్‌దో బోర్డుదో తేలదు. ఒకటి నాలుగు పాస్‌లు సున్నా ఎర్రర్లతో దాటింది. టిక్కు ఉన్నది దాటలేదు. ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను డబ్బా మీద రాసిన పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆపేసి 2400కి దించితే ఎర్రర్లు తగ్గాయి గానీ పోలేదు. 3200లో మాత్రమే వస్తే బోర్డు సెట్టింగో, సీపీయూలోని మెమరీ కంట్రోలరో అనుకోవచ్చు. మామూలు స్పీడులోనూ వస్తోందంటే స్టిక్కే పాడైనట్టు.

అప్పుడు పీసీలోని భాగాల వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ (ఒక్కో ర్యామ్ స్టిక్ వివరాలు ఉండే చోటు) చూశాను. కళ్లు తిరిగాయి. పైన రేకు ఒకటే, స్టిక్కర్ ఒకటే, లోపలి చిప్‌లు మాత్రం రెండు వేర్వేరు కంపెనీలవి. తయారీ వారం కూడా వేరు, టిక్కు ఉన్నది 2022లో 31వ వారం. అడుగున బంగారు రంగు కాంటాక్ట్‌ల మీద గీతలు చూస్తే చాలాసార్లు పెట్టి తీసినట్టు తెలుస్తోంది. ఎవరో వాపసు ఇచ్చినదాన్ని ఇంకో దానితో జత కట్టి, కిట్ అని నాకు ఇచ్చారు.

మీరు కొనేటప్పుడు సీలు మీ కళ్ల ముందే తీయించండి. సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు అడగండి, ఇవ్వనంటే లేచి వచ్చేయండి. ఇంటికి రాగానే విండోస్ కంటే ముందు మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి. షాపు రీప్లేస్‌మెంట్ 7 రోజులే. నేను కారణం కనుక్కునేసరికి 3 వారాలు అయిపోయాయి.

ఆ తెల్ల చీటీ పట్టుకుని వెళ్తే "ఇది మా బిల్లే కాదు" అన్నాడు ఓనర్. ఫోన్‌లో యూపీఐ పేమెంట్ తీసి చూపించాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి అక్కడే నిలబడి డయల్ చేస్తానంటే గొంతు తగ్గించి "ఎందుకు సార్ అంత టెన్షన్" అన్నాడు. డబ్బు ఇవ్వలేదు గానీ సీలున్న కొత్త కిట్ ఇచ్చాడు, నా దగ్గర ఇంకో 600 తీసుకుని. రెండు రాత్రులు టెస్ట్ చేశాను, సున్నా.

నా పాత స్టిక్‌ను ఏం చేశాడో కూడా చెప్పాలి. చెత్తబుట్టలో వేయలేదు. నేను కొత్త కిట్ సీలు చూసుకుంటుండగానే ఆ కుర్రాడు నీలం టిక్కును గోరుతో గీకేసి, స్టిక్‌ను డ్రాయర్‌లో పెట్టాడు. కాబట్టి టిక్కు కోసం వెతక్కండి. సీపీయూ-జెడ్‌లో ఒక స్టిక్ 31వ వారం, 2022 అని, రెండోది ఇంకేదో అని చూపిస్తే ఆ రోజే వాపసు ఇచ్చేయండి.