రిపీటరా, తీగతో యాక్సెస్ పాయింటా?

వెనుక గదిలో వైఫై అందకపోతే చాలామంది ముందుగా కొనేది రిపీటరే, అంటే రూటర్ సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే చిన్న పెట్టె. ప్లగ్గులో పెడితే చాలు, గోడకు రంధ్రం చేయనక్కరలేదు. చిక్కంతా దాన్ని పెట్టే చోటులో ఉంది. సిగ్నల్ లేని గదిలోనే బిగిస్తారు. తనకే అందని సిగ్నల్‌ను అది ఇంకెవరికి పంచుతుంది? ఫోనులో గీతలు నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం కదలదు. ఆ గీతలు చూపేది ఫోనుకూ రిపీటర్‌కూ మధ్య బలాన్నే. రూటర్ దాకా దారి ఎలా ఉందో వాటికి తెలియదు. రిపీటర్‌ను సగం దూరానికి జరిపి, రూటర్ సిగ్నల్ మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత; సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) దరిదాపుల్లో ఉన్నచోట పెట్టి చూడండి. అయినా వినడానికీ తిరిగి పంపడానికీ ఒకే రేడియో ఉన్న రకమైతే, వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

తీగ ద్వారా నెట్ అందుకుని వైఫైగా పంచే యాక్సెస్ పాయింట్‌కు ఈ బాధ లేదు. రూటర్ నుంచి ఈథర్‌నెట్ తీగ లాగడమే ప్రయాస; 100 మీటర్ల వరకు నిశ్చింత. మూలన పడి ఉన్న పాత రూటర్ కూడా ఇందుకు పనికొస్తుంది. దాని ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య) మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఈ చిరునామాలు పంచే పని) ఆపి, తీగను ల్యాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాలను కలిపే రంధ్రానికి) కలపాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరిస్తే రెండు పెట్టెలూ పోటీపడి చిరునామాలు పంచుతాయి; ఒక ఫోనుకు నెట్ వస్తుంది, పక్కదానికి రాదు. రెండు పెట్టెల సిగ్నళ్లూ ఒకదానికొకటి అడ్డుపడకుండా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1వ ఛానెల్, రెండోదానికి 6 లేదా 11 ఇవ్వండి.

తీగ లాగే వీలుంటే నేను రిపీటర్ వైపు చూడను. గోడ తొలిచే వీలే లేకపోతే రెండు రేడియోలున్నది తీసుకుని, రూటర్‌తో 5 గిగాహెర్ట్జ్‌లో, ఫోన్లతో 2.4లో పనిచేసేలా అమర్చుకోవచ్చు.