ఇంటికొచ్చి చదువు అమ్మేవాళ్లతో జాగ్రత్త: వాళ్లు కట్టించేది ఫీజు కాదు, అప్పు

ట్యాబ్‌తో కలిపి ఆన్‌లైన్ పాఠాల ప్యాకేజీ కొనాలనుకుంటున్న తల్లిదండ్రులు సంతకం పెట్టే ముందు ఇది చదవండి. నేను సంతకం పెట్టేశాకే ఇవన్నీ తెలుసుకున్నాను.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లిషు మీడియం వచ్చింది. ఐదు దాకా తెలుగులో చదివిన మా అమ్మాయి ఆరులో ఒక్కసారిగా అందులో పడింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. ఈ మార్పు మంచిదా కాదా అన్నది వేరే వాదన. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పలేని మాలాంటివాళ్లకు మాత్రం గుబులు పట్టుకుంది. ఆ గుబులే ఇలా ఇంటికొచ్చి అమ్మేవాళ్లకు పెట్టుబడి.

"ఉచిత పరీక్ష" అని ఫోను చేసి, ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కాతో ఒకబ్బాయి వచ్చాడు. మా అమ్మాయికి భిన్నాల లెక్క ఒకటి ఇంగ్లిషులో ఇచ్చాడు. అది పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "ఇప్పుడే ఇలా ఉంటే పదో తరగతిలో ఎలా సార్?" అన్నాడు, పిల్ల వింటుండగానే. అదే లెక్క తెలుగులో చదివి వినిపించి ఉంటే చేసేసేది. నాకు ఆ ఆలోచన అతను వెళ్లిపోయాక వచ్చింది. సైకిల్ ట్యూబు కొన్నా గాలి కొట్టించి చూసే మనిషిని, ఆధార్, పాన్ ఇచ్చి, ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా చదివి చెప్పాను.

ధర 36,000 అన్నాడు. వడ్డీ లేదు, నెలకు 1,750 చొప్పున 24 నెలలు అన్నాడు. మీరూ గుణించి చూడండి. మూడో రోజు పేరు వినని ఫైనాన్స్ కంపెనీ నుంచి "మీ రుణం మంజూరైంది" అని సందేశం వచ్చింది. రద్దుకు 15 రోజుల గడువుందని ఆ అబ్బాయికి ఫోను చేస్తే, "మేనేజరుతో మాట్లాడుతున్నాను, రెండు రోజులు ఆగండి" అంటూ పదహారో రోజు దాకా లాగాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. పాఠాలా? అన్నీ ముందే తీసి పెట్టిన వీడియోలు.

కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే ఇలాంటి కంపెనీల గురించి తల్లిదండ్రులను హెచ్చరించింది. ఉచితమని చెప్పి ఖాతా నుంచి నెలనెలా డబ్బు కోసుకునే అనుమతి తీసుకుంటున్నారని, బలహీన స్థితిలో ఉన్న కుటుంబాలే ముఖ్యంగా గురి అవుతున్నాయని అందులో ఉంది. ఫోనులో, ఆన్‌లైన్‌లో ఇచ్చే డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వడ్డీ, ఖర్చులు అన్నీ రాసిన పత్రం ముందే ఇవ్వాలి. వద్దనుకుంటే అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడే గడువూ ఉండాలి. నాకు ఏ పత్రమూ చూపలేదు, నేనూ అడగలేదు. అన్నిటికంటే మంట పుట్టించేది, బడి పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో పాఠాలు ఉచితంగా వస్తాయని ఆలస్యంగా తెలియడం.

కోపంతో వాయిదాలు మాత్రం ఆపకండి. సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తున్నామో చూసి వేసే మార్కు) పోయేది మనదే, వాళ్లది కాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. ఇప్పుడు ఆ కాగితాలు సిద్ధం చేస్తున్నాను. చేతిలో రుజువు తక్కువ, ఎందుకంటే నా సంభాషణంతా ఫోనులోనే జరిగింది. మీరు గడువులో ఉంటే అతని ఫోను కోసం ఎదురుచూడకుండా, రద్దు చేయమని కంపెనీకీ అప్పిచ్చినవాళ్లకూ ఈ రాత్రే మెయిల్ పెట్టండి.